పటేలు ఇంటి వసారాలో ఆరిన కాగితం

రాళ్ళను కొట్టి బతికినవాణ్ణి నేను. కంకర పని అనుకునేరు, కాదు. పద్దెనిమిదో శతాబ్దపు పాలమూరు చరిత్ర తప్ప లోకంలో ఇంకేదీ పట్టని ఒక పరిశోధన పరిషత్తులో శాసనాల అచ్చులు తీసే ఉద్యోగం చేశాను. రాతిని కడిగి, దాని మీద తడి కాగితం పరిచి, గట్టి కుంచెతో కొడుతూ పోతే అక్షరాల గుంటల్లోకి కాగితం దిగుతుంది. పైన సిరా అద్దితే రాయంతా నల్లగా, అక్షరాలు తెల్లగా వస్తాయి. ఇంతే పని. ఇంతే అని చెప్పగలగడానికి నాకు మూడేళ్ళు పట్టింది. ఇప్పుడు ఫోనుతో ఫొటో కొట్టి "అయిపోయింది సార్" అనే పిల్లలు నవ్వుకుంటే నవ్వుకోండి. మీ ఫొటోలూ చూశాను. సగం వాటిలో మీ నీడలే ఉన్నాయి.

మాది గద్వాల. ఇంట్లో మగ్గం. పడుగుకు గంజి పెట్టి కుంచెతో సాపు చేసే పని చిన్నప్పటి నుంచీ నాదే. పరిషత్తు అధ్యక్షులవారు ఒకరోజు మా వీధికి ఏదో పాత కాగితం కోసం వచ్చారు. కాగితం దొరకలేదు కానీ, నా చేతిలో కుంచె ఆడే తీరు చూసి నిలబడిపోయారు. "ఏం చదివినవు?" అన్నారు. ఇంటర్ తప్పానని చెప్పాను. "మంచిదైంది. పాసైనోళ్ళు ఈ పనికి రారు," అన్నారు. అట్లా వనపర్తిలో మందుల దుకాణం మీద రెండు గదుల్లో ఉన్న పరిషత్తు ఆఫీసుకు ఉద్యోగినై వచ్చాను. అక్కడ నాలుగు బీరువాలు, ఒక బల్ల, మూడు కుర్చీలు ఉండేవి. కుర్చీల్లో ఒకటి కుంటిది, అది నాది.

అధ్యక్షులవారు కాలేజీ ప్రిన్సిపాలుగా చేసి వచ్చినవారు. పాత తెలుగు, ఫార్సీ రెండూ మంచినీళ్ళు తాగినట్టు చదివేవారు. పద్దెనిమిదో శతాబ్దం దాటిన సంగతి ఏది చెప్పినా "అది పేపర్ల వస్తది, చదువుకుందాం" అనేవారు. దానికి ముందుదైతే మరీ చులకన. నాగర్‌కర్నూలు దగ్గర ఒక పొలంలో నాలుగైదు వందల ఏళ్ళ ముందటి రాయి బయటపడితే ఇంకొకరు ఎగిరి గంతేసేవారు. ఈయన వంగి చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని, "పాపం, మనది కాదు," అని బస్సెక్కారు. ఆ రాయికి అచ్చు తీద్దామని నేనెంత బతిమాలినా వినలేదు. అంత పట్టుదల మనిషి. ఆయన దగ్గర తిట్లు తిన్నాను, పని నేర్చుకున్నాను, రెండూ ఎక్కువే.

ఇక నా గురించి నేనే చెప్పుకోవాలి, వేరే ఎవరూ చెప్పరు. తిమ్మాజిపేట నుంచి మానవపాడు దాకా నేను తీసిన అచ్చుల్లో ఒక్క అక్షరం చెదరలేదు. రాయి పగిలి ఉన్నా, సున్నం కొట్టి ఉన్నా, నూనె పోసి పోసి జిడ్డు పేరుకుని ఉన్నా, నా చేతికి లొంగేది. హైదరాబాదు నుంచి వచ్చిన పెద్ద పండితులు మా కాగితాలు వెలుతురుకు పట్టి చూసి తలలు ఊపేవారు. తప్పు అనే మాట నా పనిలో లేదని అనుకునేవాణ్ణి. అనుకోవడమేమిటి, పైకి అనేవాణ్ణి కూడా.

ఇప్పుడు ఆ తప్పు సంగతి చెప్తాను.

ఉద్యోగంలో చేరిన అయిదో సంవత్సరమో ఏమో, పెద్దమందడి అవతల ఒక ఊళ్ళో రాయి ఉందని తెలిసింది. ఊరి చివర కూలిపనులు చేసుకునే వాళ్ళ వాడ, ఎనిమిది ఇళ్ళు. అందులో ఒక ఇంటి ముందు నడుమెత్తు రాయి నిలబెట్టి ఉంది. ఆ ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు, ఇరవై ఏళ్ళయినా నిండలేదు, రెండు బిందెల నీళ్ళు తెచ్చి రాయి మీద పోసింది. "గీ రాయికి గంత పూజ ఎందుకు సారూ?" అని నవ్వింది. రాయి కడిగాను, కాగితం పరిచాను, కొట్టాను, సిరా అద్దాను. ఇంకో అరగంట ఎండితే ఒలిచి తీయొచ్చు. అంతలో గాలిదుమారం లేచింది. వెనకే పెద్ద పెద్ద చినుకులు. కాగితం తడిస్తే రోజంతా చేసిన పని మట్టిలో కలుస్తుంది. సగం ఆరిన దాన్ని అట్లాగే ఒలిచి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీదా వేసుకుని పరుగెత్తాను. ఆ వాడలో అన్నీ గడ్డి కప్పులే, కారుతుంటాయి. రెండు వందల అడుగుల అవతల పటేలు ఇల్లు కనిపించింది. పెద్ద వసారా, పైన పెంకులు. అక్కడ దండెం మీద ఆరేశాను.

పటేలు మంచివాడు. వాన తగ్గేదాకా కూర్చోబెట్టాడు, జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టించాడు. తిన్నాను. కాగితం ఆరింది. మా పద్ధతిలో ప్రతి అచ్చు వెనక మూల మీద పెన్సిలుతో కొన్ని సంగతులు రాయాలి: ఏ ఊరు, రాయి ఎక్కడ ఉంది, ఎంత పొడవు. తడి కాగితం మీద పెన్సిలు నడవదు కాబట్టి అన్ని చోట్లా ఆరాకే రాసేవాణ్ణి. మామూలుగా రాయి పక్కనే కూర్చుని ఆరబెట్టేవాణ్ణి కాబట్టి ఎన్నడూ ఇబ్బంది రాలేదు. ఆ రోజు మాత్రం కడుపు నిండా తిని, పటేలు వసారాలో కూర్చుని, "రాయి ఉన్న చోటు" అన్న దగ్గర "పటేలు ఇంటి ఆవరణ" అని రాశాను.

మరిచిపోయి రాశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. సగమే నిజం. మిగతా సగం కూడా చెప్పకపోతే ఈ రాతకు అర్థం లేదు. ఆ కోడలి పేరు అడగలేదు. ఆ ఇంటికి నంబరు లేదు. పుస్తకంలోకి పోయే మాట కదా, పండితులు చదువుతారు కదా, ఫలానా కూలివాళ్ళ ఇంటి ముందు అని రాస్తే ఏం బాగుంటుంది, పటేలు ఇల్లంటే గౌరవంగా ఉంటుంది అని మనసులో ఏ మూలో అనిపించింది. అనిపించింది, చెయ్యి రాసేసింది. సిగ్గుచేటు పని. రెండేళ్ళకు ఆ మాట పరిషత్తు సంపుటంలో అచ్చయింది. అధ్యక్షులవారు రాతిలోని మాటలను విప్పి చక్కగా రాశారు: కాలువ తవ్విన వాళ్ళకూ వాళ్ళ పిల్లలకూ ఈ రాయి నుంచి కాలువ దాకా ఉన్న నేలను కాపురానికి ఇచ్చినట్టు, అడ్డం వచ్చినవాడు పాపాన పోయేట్టు. బొమ్మ కూడా వేశారు, అక్షరాలున్న మేరకు అంచులు కత్తిరించి. కింద ఒక వరుస: "ఈ శిల పటేలు ఇంటి ఆవరణలో ఉన్నది."

తర్వాత ఇరవై ఏడేళ్ళు ఆ వరుసను ఎవరూ పట్టించుకోలేదు.

నేను రిటైరవడానికి మూడు నెలలుండగా ఒక పొద్దున ఆఫీసు మెట్లెక్కి ఒకామె వచ్చింది. చర్చికి కట్టుకునే తెల్ల చీర, చేతిలో ప్లాస్టిక్ సంచి. సంచిలోంచి ఒక జిరాక్సు కాగితం తీసి బల్ల మీద పెట్టింది. మా సంపుటంలోని పేజీ.

"సారూ, గిది మీరు రాసిందేనా?"

"మా పరిషత్తు రాసిందే అమ్మా. ఏం కావాలి?"

"మీకు యాదుందో లేదో. మా ఇంటి ముంగట రాయికి మీరు కాయితం అతికిస్తుంటే రెండు బిందెల నీళ్ళు వోసింది నేనే."

అప్పుడు గుర్తుపట్టాను. ఆ కోడలే. జుట్టు నెరిసింది, చేతులు మొద్దుబారాయి. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"మేం పూణెల పదేండ్లు మట్టిపని జేసి, ఉన్న గుడిసె పీకి రెండు రూములు ఏసుకున్నం. మా పెనిమిటి పోయిండు. గిప్పుడు పటేలు మనుమడు వచ్చి, గీ ఎనిమిది ఇండ్ల జాగ మా తాతది, లేవుండ్రి అంటుండు. మా తాతలు కాలువ తవ్వితే ఇచ్చిన జాగ, రాయి మీద ఉన్నదని మేమన్నం. రాయి మా ఇంట్ల ఉండె, మీరే ఎత్కపోయి మీ ఇంటి ముంగట పాతుకున్నరు, రాయి మీద రాసిన జాగ గిది కాదు అంటుండు. బుక్కుల రాసున్నది సూడుండ్రి అని గీ కాయితం తాసిల్దారు మేడంకు ఇచ్చిండు." కాగితం నా వైపు జరిపింది. "నాకు సదువు రాదు సారూ. గందుకని అడగనీకి వచ్చిన. నిజంగ గట్లనే రాసిండ్రా?"

రాశాం అన్నాను.

"ఎందుకు రాసిండ్రు?"

అంత మాటకారిని, తల వంచుకుని కూర్చున్నాను. ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "ఒక్క మాట రాస్తిరి. మా ఇల్లు తీస్కపోయి వాళ్ళింట్ల పెడ్తిరి. బేస్తవారం మేడం జాగ సూడనీకి మోకా మీదికి వస్తది. మీకు ఇష్టమైతే రాండ్రి, లేకుంటే లేదు," అని మెట్లు దిగిపోయింది.

ఆ సాయంత్రమే అధ్యక్షులవారి ఇంటికి వెళ్ళాను. అప్పటికి ఆయనకు ఎనభై దాటాయి, చెవి మందం, కోపం మాత్రం తగ్గలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను.

"తప్పు నీది. అచ్చయింది నా పేరు మీద," అన్నారు.

"అవును సార్."

"మన సంపుటంల తప్పున్నదని మనమే చెప్తే, రేపు మిగతా మూడు వందల రాళ్ళను ఎవడు నమ్ముతడయ్యా? ఇన్నేండ్ల పని బూడిదల పోసిన పన్నీరైతది."

"చెప్పకపోతే ఎనిమిది ఇళ్ళు పోతాయి సార్."

"చెప్తె మాత్రం నమ్ముతరా? అప్పుడు పటేలు అన్నం దిని పటేలు దిక్కు రాసిండు, ఇప్పుడు ఇంకెవరిదో దిని గిట్ల చెప్తుండు అంటరు. నీ మాటకు ఏం సాక్ష్యమున్నది?"

కోపంగానే అన్నా, ఆ ఒక్క మాట నన్ను పట్టుకుంది. సాక్ష్యం. పొద్దున్నే ఆఫీసు తెరిచి రెండో బీరువా తీశాను. కలరా ఉండల వాసనలో మడతల మీద మడతలుగా ఉన్న అసలు అచ్చును బయటికి లాగి నేల మీద పరిచాను. పుస్తకంలో అంచులు కత్తిరించి వేశారని చెప్పాను కదా. అసలు కాగితం మీద అంచులన్నీ ఉన్నాయి. నాకు ఒక అలవాటు ఉంది: రాయి భూమిలోకి దిగే చోట ఇంకో జానెడు కాగితం కిందికి వదిలేవాణ్ణి, అంచు ఎండి పైకి లేవకుండా. కుంచె దాని మీద కూడా పడేది, సిరా కూడా అంటేది. చెత్త అని అధ్యక్షులవారు విసుక్కునేవారు. ఆ చెత్తలో ఇప్పుడు చూస్తే రాయి అడుగున బిగువుకు దూర్చిన మూడు సందురాళ్ళు అచ్చుపడి ఉన్నాయి. ఒకటి మూల విరిగింది, ఒకటి కోలగా ఉంది, ఒకటి మధ్యలో చీలింది. నేల గీత ఎడమ నుంచి కుడికి కొంచెం వాలుగా ఉంది.

రాయిని ఎవరూ కదిలించకపోతే ఆ మూడు సందురాళ్ళూ ఇప్పటికీ అట్లాగే ఉండాలి. రాయి ఆనాడు పటేలు ఇంట్లో ఉండి తర్వాత వాడకు వచ్చి ఉంటే, ఉండవు. అంతే లెక్క. ఎగిరి గంతేశాను. మరుక్షణం ఇంకో అనుమానం వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ వాడలో ఎవరైనా రాయిని నిటారుగా సర్దుకుని ఉంటేనో? సందురాళ్ళు తీసి గోడలో పెట్టుకుని ఉంటేనో? అప్పుడు నా చేతులతో నేనే వాళ్ళ ఇళ్ళను పటేలు మనుమడికి అప్పగించినట్టే. ముందే వెళ్ళి చూసి రావచ్చు. కానీ ముందు వెళ్తే, నువ్వే సర్ది పెట్టి వచ్చావంటారు. బేస్తవారం దాకా ఆగాను.

ఆ రోజు పొద్దున బస్టాండులో నేను కాగితం చుట్ట, కుంచె, సిరా సంచి పట్టుకుని నిలబడితే, ఆటో దిగి అధ్యక్షులవారు వచ్చారు. చేతికర్ర, తెల్ల పంచె. "సంపుటం మీద నా పేరున్నది. నేను రాకుంటే ఎట్ల?" అన్నారు.

వాడలో అప్పటికే జనం. తహసీల్దారు చిన్న వయసు ఆవిడ, ఎండలోనే నిలబడి ఉంది. పటేలు మనుమడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మా సంపుటాన్ని చంకలో పెట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి నమస్తే పెట్టాడు, మర్యాదకు లోటు లేదు.

"మేడం, గిది మేం రాసుకున్న బుక్కు కాదు. పెద్ద పెద్ద సార్లు పరిశోధన జేసి రాసింది. వాళ్ళే వచ్చిండ్రు, అడుగుండ్రి," అన్నాడు.

ఆవిడ పుస్తకం తెరిచి నా వైపు తిప్పింది. "ఈ వాక్యం మీదేనా?"

"నాదే మేడం. తప్పు."

నేను వానా, వసారా, రొట్టె, పెన్సిలు అన్నీ చెప్పాను. గౌరవంగా ఉంటుందని అట్లా రాశానన్న మాట కూడా దాచలేదు. అది చెప్పేటప్పుడు ఆ ఎనిమిది ఇళ్ళవాళ్ళ మొహాల్లోకి చూడలేకపోయాను.

పటేలు మనుమడు ఒక్కసారిగా ఇంతెత్తున లేచాడు. "సూడుండ్రి మేడం! మా తాత ఇంట్ల కడుపు నిండ దిని, గిప్పుడు తిన్నింటి వాసాలు లెక్కవెడ్తుండు. అప్పుడు అబద్ధం రాసినోడు గిప్పుడు నిజం చెప్తున్నడని ఏం గ్యారంటీ?"

"అదే నేనూ అడగాల్సింది," అంది తహసీల్దారు. "మీ ఏ మాట నమ్మాలి?"

"నా మాట ఏదీ నమ్మొద్దు మేడం. నా పని నమ్మండి," అన్నాను. పాత అచ్చును మంచం మీద పరిచి, కింద అంచులోని మూడు సందురాళ్ళను చూపించాను. ఇప్పుడు మీ కళ్ళ ముందే కొత్త అచ్చు తీస్తాను, రెండూ పోల్చి చూడండి అన్నాను. ఆవిడ తలూపింది. నేను తిరిగి రాయి వైపు చూసి చల్లబడిపోయాను. రాయి అడుగున సందురాళ్ళు లేవు. పాత నేలే లేదు. పంచాయతీ వాళ్ళు దారి బాగుచేస్తామని మొరం పోశారట, రాయి చుట్టూ మూరెడు లోతున గట్టిపడింది.

పక్కనున్న ఒకతను గడ్డపార తెచ్చాడు. "వద్దు వద్దు!" అని అరిచాను. ఒక్క పోటు తగిలినా సందురాళ్ళు కదులుతాయి. కదిలితే ఇక సాక్ష్యం లేదు. ఏం చేయాలో తోచక నిలబడ్డాను.

తెల్ల చీర ఆమె ఆ రోజు రోజువారీ చీరలో ఉంది. కొంగు నడుముకు దోపి, కొడవలి పట్టుకుని రాయి ముందు గొంతుక్కూర్చుంది.

"అమ్మా, జాగ్రత్త. లోపల చిన్న రాళ్ళు..."

"సారూ, కాయితం పని మీది. మట్టిపని మాది. జర పక్కకు జరుగుండ్రి, ఎలుతురుకు అడ్డమొస్తుండ్రు."

కొడవలి మొనతో మొరాన్ని పొరలు పొరలుగా గీకింది. గీకినదాన్ని అరచేత్తో ఎత్తి పక్కన పోసింది. ఎర్ర మొరం అయిపోయి నల్లమట్టి తగలగానే కొడవలి పక్కన పెట్టి వేళ్ళతో తవ్వింది. గంట పట్టింది. అధ్యక్షులవారు కర్ర మీద ఆనుకుని అట్లాగే నిలబడ్డారు, కుర్చీ వేసినా కూర్చోలేదు. ఆఖరికి ఆమె మట్టి ఊది, "ఒకటున్నది," అంది. కాసేపటికి "రెండు". మూడోది చెప్పడానికి ముందు ఇంకొంచెం ఊదింది. "ఉన్నది సారూ, సీలింది."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెప్పుకోవడానికి నామోషీ ఏం లేదు.

నీళ్ళు ఆమే పోసింది. నేను కాగితం పరిచి కొట్టడం మొదలుపెట్టాను. అరవైకి దగ్గర పడ్డ చెయ్యి, నాలుగు దెబ్బలయ్యాక పాత వరుస పట్టుకుంది. సిరా అద్దాను. ఆరేదాకా ఆ రాయి పక్కనే కూర్చున్నాను, ఎవరు మంచినీళ్ళకు పిలిచినా లేవలేదు. ఒలిచి, పాతదాని పక్కన పరిచాను. మూల విరిగింది, కోలగా ఉంది, చీలింది. మూడూ అదే వరుస, అదే ఎడం. నేల గీత అదే వాలు. తహసీల్దారు ఒకదాని మీద ఒకటి పెట్టి, ఎండకు పట్టి చూసింది. గీత మీద గీత కూర్చుంది.

"ఎత్తి మల్ల గట్లనే పెట్టుకోవచ్చు కద మేడం," అన్నాడు పటేలు మనుమడు. గొంతులో ఇందాకటి జోరు లేదు.

"మీ ఇంట్లోంచి ఇంత రాయిని ఎత్తుకొచ్చిన వాళ్ళు, కింద దూర్చిన మూడు సందురాళ్ళు కూడా ఎత్తుకొచ్చి, అదే వరుసలో, అదే వాలులో పాతుకున్నారంటారా? ఏం కోసం?" అని అడిగింది ఆవిడ. అతను నేల చూపులు చూశాడు. ఆవిడ పంచనామా రాయించి, సంతకాలు తీసుకుంది. రాతి మాటలు ఒక్కటే సరిపోవు, పాత రికార్డులు కూడా చూడాలి అని చెప్పి వెళ్ళింది. చూసింది కూడా. రెండు నెలలకు ఆ జాగా ఎనిమిది ఇళ్ళవాళ్ళ పేర నమోదైంది.

మా గొడవ అక్కడితో తీరలేదు. సంపుటంలో పడ్డ తప్పును పరిషత్తు పత్రికలో దిద్దాలి. అధ్యక్షులవారు ముసాయిదా రాసి నా చేతికిచ్చారు. "స్థల నిర్దేశంలో జరిగిన స్వల్ప పొరపాటు" అని మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండింది.

"స్వల్పం ఏంది సార్? ఎనిమిది ఇళ్ళు."

ఇన్నేళ్ళలో ఆయన ముందు అంత గొంతు పెంచింది అదే మొదలు. ఆయన నన్ను ఎగాదిగా చూసి, కలం తీసి "స్వల్ప" కొట్టేశారు. అప్పుడు రెండో మాట అడిగాను. రాయి ఎక్కడుందో రాసేచోట ఆమె పేరు వేయాలని.

"బతికున్నోళ్ళ పేర్లు మనం వెయ్యమయ్యా. మనది పద్దెనిమిదో శతాబ్దం."

"వాళ్ళు అప్పటి నుంచీ అక్కడే ఉన్నరు కద సార్."

ఆయన కాగితం నా వైపు తోసి, "పేరు సరిగ్గ కనుక్కొని రా. ఈసారి ఆమె ఇంటి ముంగట కూసోని రాసుకో," అన్నారు.

ఆ సంచికలో అంతా ఉంది. తప్పు ఎవరు చేశారో, ఎట్లా జరిగిందో, నా పేరుతో సహా. ఆ పరిషత్తు ప్రచురణల్లో నా పేరు అచ్చయింది అదొక్కసారే. మీలో ఎవరైనా ఇట్లాంటి పనిలోకి వస్తే నాకన్నా మంచి సందర్భంలో మీ పేరు పడాలని కోరుకుంటున్నాను. పడకపోయినా ఫరవాలేదు, రాయి పక్కన కూర్చునే రాయండి.

పత్రిక ప్రెస్సు నుంచి వచ్చేసరికి నేను రిటైరై పన్నెండు రోజులైంది. ఒక కాపీ తీసుకుని పెద్దమందడి బస్సెక్కాను. ఆమె గడపలో కూర్చుని మిరపకాయలు తొడిమలు తీస్తోంది. చదివి వినిపించాను. ఇంకోసారి చదవమంది. చదివాను.

"మా పేరు యాడున్నది? వేలు వెట్టి సూపియ్యి."

చూపించాను. ఇంటిపేరు, ఆమె పేరు, "ఇంటి ముందు" అన్న మాట. మిరపకాయల చేతిని చీరకు రెండుసార్లు తుడుచుకుని, నా వేలు పక్కన తన వేలు పెట్టింది. చాలాసేపు తీయలేదు. నేను ఏదైనా మంచి మాట అంటుందనుకున్నాను. క్షమించానంటుందేమోనని కూడా ఆశపడ్డాను, అబద్ధమెందుకు.

"సరే సారూ," అంది. "ఇగ మల్ల మార్చకుండ్రి."